పచ్చిపాలు, పత్తిచెక్క

అమెరికాలో, ఐరోపాలో పచ్చిపాల గురించి రెండు వర్గాలు వాదించుకుంటాయి. కాచని పాలే అసలైన పాలని ఒకరు, వాటి అమ్మకాన్నే ఆపాలని ఇంకొకరు. ఆ వాదన ఫోన్లలో వీడియోల మీదుగా గుంటూరు బ్రాడీపేటకీ, ఒంగోలు లాయర్‌పేటకీ వచ్చి చేరింది. అయితే ఈ పత్తి, మిరప నేలల్లో ప్రశ్న అది కాదు. ఇక్కడ ఏ ఇంట్లోనైనా పాలు పొయ్యెక్కకుండా గ్లాసులోకి దిగవు. కొత్త ఇంట్లో కాలు పెట్టినా ముందు పాలు పొంగిస్తాం. కాచే అలవాటు ఇంత గట్టిగా ఉన్నచోట పచ్చిపాల ప్రమాదం గురించి మాట్లాడాల్సింది ఏముందని అడగొచ్చు. చాలానే ఉంది. పొయ్యి ఎక్కకుండానే నోట్లోకి పోయే పాలు కొన్ని ఉన్నాయి. చుక్క తాగకుండానే పాడి వల్ల జబ్బుపడే మనుషులున్నారు. ఎంత మరగబెట్టినా పోని విషాలున్నాయి. ఈ చివరిది మన పత్తిపంటతో నేరుగా ముడిపడింది, దాని గురించే మనం అందరికన్నా తక్కువ మాట్లాడుకుంటున్నాం.

ముందు మంట చేసే మేలు చెప్పుకోవాలి. ఒకటి రెండు తరాల కిందటి వరకు పల్నాటిలోనూ, ఒంగోలు చుట్టుపక్కలా పాడి ఉన్న ఇంటి పెరట్లో దాలి ఉండేది. గుంటలో పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, దాని మీద పాలకుండ పెట్టేవారు. పొద్దున పితికిన పాలు మధ్యాహ్నం దాటేదాకా సన్నసెగ మీద కాగుతూనే ఉండేవి. మంట ఎగసేది కాదు, పాలు పొంగిపోయేవి కావు. దించేసరికి పాలు ఎర్రబడి, పైన మందంగా మీగడ కట్టి, కాస్త పొగవాసనతో కమ్మగా ఉండేవి. గోరువెచ్చగా అయ్యాక తోడేసి, తెల్లవారుజామున కవ్వం వేసి చిలికేవారు. డైరీల్లో పాలను 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలో, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లో ఉంచితే పాశ్చరైజ్ చేసినట్టు లెక్క. దాలి మీది కుండ గంటల తరబడి కాగేది. రుచి కోసం, వెన్న కోసం, పాలు విరగకుండా నిలవడం కోసం ఆ ఇల్లాలు చేసిన పని క్షయ క్రిమిని కూడా చంపింది. తెలుగునాట ప్రజారోగ్యానికి ఇంత మేలు చేసి, ఇంత తక్కువ గుర్తింపు పొందిన పని మరొకటి ఉందని నేననుకోను.

అలా కాచుకోని దేశాలు పడ్డ బాధ చూస్తే దీని విలువ తెలుస్తుంది. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు నెలల తరబడి జ్వరంతో మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ చనిపోయిన సైనికుల ప్లీహంలో ఆ జ్వరం తెచ్చే క్రిమిని, తర్వాత బ్రూసెల్లా అని పేరుపడినదాన్ని, పట్టుకున్నాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో తేలడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. 1905లో తెమిస్టోక్లీస్ జమ్మిట్ అనే మాల్టా వైద్యుడు మేకల రక్తంలో దాన్నే చూశాడు. ఆ మరుసటి ఏడు సైన్యం మేకపాలు మానేసింది, సైనికుల్లో జ్వరాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. క్షయ విషయం ఇంకా విషాదం. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ అంతటివాడే 1901లో లండన్ మహాసభలో పశువుల క్షయతో మనుషులకు పెద్ద భయం లేదన్నాడు. ఆ మాట తప్పని రుజువు చేయడానికి బ్రిటన్ వేసిన రాయల్ కమిషన్ 1911 దాకా పనిచేయాల్సి వచ్చింది. 1930ల్లో కూడా ఆ దేశంలో పశువుల క్షయ సోకి ఏటా రెండు వేల మందికి పైగా చనిపోయేవారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది పాలు తాగే పిల్లలు. షికాగో నగరం 1908లోనే పాశ్చరైజేషన్‌ను తప్పనిసరి చేసింది. స్కాట్లండ్ మాత్రం పచ్చిపాల అమ్మకాన్ని 1983లో గానీ ఆపలేదు.

మన పశువుల్లో క్షయ లేదా అంటే ఉంది. మరి ఆ స్థాయిలో మనుషులకు ఎందుకు పాకలేదు? వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 940 క్షయ నమూనాలను జన్యుపరీక్ష చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. పశుక్షయకు మారుపేరుగా పుస్తకాలన్నీ చెప్పే ‘బోవిస్’ రకం, బీసీజీ టీకా రకాన్ని పక్కనపెడితే, వాటిలో కనిపించలేదు. దాని బంధువైన ‘ఒరిగిస్’ రకం ఏడు నమూనాల్లో కనిపించింది. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు, సన్నబడింది. అలా సన్నబడటంలో మన పొయ్యికి పెద్ద వాటా ఉందని నా నమ్మకం.

డైరీలు వచ్చాక ఈ పని కొంత ఇంటి నుంచి ఫ్యాక్టరీకి మారింది. 1969లో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం, 1974లో రాష్ట్ర డైరీ అభివృద్ధి సంస్థ, ఆ దశకంలోనే వడ్లమూడిలో సంగం డైరీ, ప్రకాశంలో ఒంగోలు డైరీ వచ్చాయి. ఒంగోలు డైరీ నష్టాల్లో కూరుకుపోయి మూతపడటం, 2020 డిసెంబరులో ప్రభుత్వం అమూల్‌ను రప్పించి ప్రకాశం సహా మూడు జిల్లాల్లో పాల సేకరణ మొదలుపెట్టించడం చూశాం. ఎన్ని డైరీలు వచ్చినా పల్లెలో తాగే పాలు, పక్కింటికి పోసే పాలు, మోటారు సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని పట్నానికి తెచ్చే పాలు ఏ డైరీ గడపా తొక్కవు. పొదుగులోంచి 38 డిగ్రీల వేడితో వచ్చిన పాలు రెంటచింతల ఎండలో, మార్కాపురం ఎండలో రెండు గంటలు ప్రయాణిస్తే క్రిములు అరగంటకోసారి రెట్టింపవుతాయి. ఆ పాలకు ఇంటి పొయ్యి ఒక్కటే కాపలా. ప్యాకెట్ పాలను మళ్లీ కాచనక్కర్లేదని శాస్త్రం చెప్పినా, మధ్యలో ఎక్కడ చల్లదనం తప్పిందో తెలియని మన రవాణాలో కాచుకోవడమే మంచిదంటాను.

ఇక ఆ కాపలా లేకుండా నోట్లోకి పోయే పాల సంగతి. మొదటివి గుమ్మపాలు. పితికే చోటే, నురగ చల్లారకముందే చెంబెత్తి పిల్లాడి నోటికి పట్టడం బలమని ఇప్పటికీ అనుకునే తాతలున్నారు. రెండోది మేకపాలు. డెంగీ సీజనులో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మేకపాల కోసం ఊళ్ల మీద పడుతున్నారు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి, జ్వరం తగ్గుముఖం పట్టాక వాటంతటవే పెరుగుతాయి. మేకపాలు పెంచినట్టు రుజువు లేదు. పచ్చిగా తాగితేనే గుణం అని నమ్మి, అసలే నీరసించిన రోగికి కాచకుండా పట్టడం మరీ ప్రమాదం. గొర్రెలు, మేకల నుంచి సోకే బ్రూసెల్లా రకం అన్నిటికన్నా మొండిది, మాల్టా సైనికులను పడగొట్టింది అదే. మూడోది గాడిదపాలు. వీధుల్లో గాడిదను తోలుకొచ్చి, గుమ్మం ముందే చిన్న గ్లాసులోకి పితికి, ఉబ్బసానికీ దగ్గుకూ మంచిదని నెలల పిల్లలకు పట్టిస్తారు. కాచితే గుణం పోతుందంటారు కాబట్టి అవి పొయ్యెక్కవు. నెలల పసివాడి పేగుకు పచ్చిపాలలోని క్రిములను తట్టుకునే శక్తి ఉండదు. ఇంట్లో అందరికీ కాచిన పాలు ఇచ్చి, అందరికన్నా చిన్నవాడికి పచ్చివి పోయడం నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

పంచామృతం గురించి చెప్పడానికి కొంచెం వెనకాడతాం గానీ చెప్పాలి. శివరాత్రికి కోటప్పకొండలో, కార్తీకంలో ఊరూరా శివాలయాల్లో అభిషేకానికి వాడేవి పచ్చిపాలే. దేవుడికి పోసిన పాలతో ఎవరికీ పేచీ లేదు. పెరుగు, తేనె, నెయ్యి, పంచదారతో కలిపి అరచేతిలో పోసే ఆ చెంచాడు కోసం అనేక ఇళ్ల పాలు ఒక బిందెలో కలుస్తాయి. ఒక్క ఇంటి గేదె జబ్బుదైనా బిందె అంతా అదే. తీర్థంగా పంచే వంతు వరకు కాచి చల్లార్చిన పాలతో చేస్తే ఏ శాస్త్రానికీ లోటు రాదు. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు ఉన్న వరసలో ఇది తప్పకుండా చేయాలి.

వీటన్నిటికన్నా కొత్తది పట్నాల ఫ్యాషన్. ఒంగోలు ఆవు పాలు, ఎ2 పాలు, గాజు సీసాలో, ప్రాసెస్ చేయనివి అని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఒంగోలు ఆవు పాలలోని ప్రొటీన్ ఎ2 రకమే, నిజమే. మన గేదెపాలు కూడా ఎ2 రకమే, ఆ మాట సీసా మీద అంతగా కనపడదు. ఎ2కీ క్రిములకీ ఏ సంబంధమూ లేదు. ఆహార భద్రత సంస్థ 2024 ఆగస్టులో ఈ ఎ1, ఎ2 ప్రచారాన్ని లేబుళ్ల మీంచి తీసేయమని చెప్పి, వారం తిరక్కముందే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. పచ్చిపాలు తాగితే పాలు పడనివారికి కూడా పడతాయని ఇంకో మాట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాలు పడని 16 మందికి పచ్చిపాలు, పాశ్చరైజ్ చేసిన పాలు మార్చిమార్చి ఇచ్చి చూశారు, కడుపుబ్బరంలో తేడా కనిపించలేదు. ఐరోపాలో పాడి ఇళ్లలో పెరిగి పచ్చిపాలు తాగిన పిల్లలకు ఉబ్బసం తక్కువని కొన్ని అధ్యయనాలు చూపించిన మాట వాస్తవం. ఆ అధ్యయనాలు చేసినవాళ్లే, అలాగని పచ్చిపాలు తాగమని మేం చెప్పడం లేదన్నారు. కాస్తంత సి విటమిన్ తప్ప కాచితే పోయేది పెద్దగా లేదు, కాల్షియం ఎక్కడికీ పోదు. ఐరోపాలో పచ్చిపాలు అమ్మే చోట మందను క్రమం తప్పకుండా పరీక్షిస్తారు, జబ్బు తేలిన పశువును మందలోంచి తీసేస్తారు. మన పశువుల సంతలో ఏ గేదెకు ఏ జబ్బుందో కొనేవాడికీ అమ్మేవాడికీ తెలియదు. వాళ్ల నమ్మకాన్ని మన పశువుల మీద పెట్టడం పెద్ద పొరపాటు. పైగా 2024 మార్చిలో అమెరికా పాడి ఆవుల్లోనే బర్డ్‌ఫ్లూ వైరస్ బయటపడింది. పొదుగులో, పాలలో అది దట్టంగా ఉంది, ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. పాశ్చరైజ్ చేసిన పాలలో ప్రాణంతో ఉన్న వైరస్ దొరకలేదు.

పాల విషయంలో అక్కర్లేని భయమూ ఒకటుంది. పిచ్చికుక్క కరిచిన గేదె పాలు తాగామని ఊరు ఊరంతా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు బారులు తీరడం మనం ఏటా వినే వార్త. పాలు తాగడం వల్ల మనిషికి రేబిస్ వచ్చినట్టు రుజువైన ఉదంతం ప్రపంచంలో లేదు, కాచిన పాలైతే అసలు భయం లేదు. జబ్బు లక్షణాలు కనిపించిన పశువు పాలు మాత్రం వాడకూడదు, దాని నోట్లో చెయ్యిపెట్టినవాళ్లూ, చొంగ తగిలినవాళ్లూ తప్పకుండా టీకా వేయించుకోవాలి. ఊరందరికీ టీకాలు పంచి, అసలు అవసరమైన జీతగాడికి లేకుండా చేయడం జరగకూడదు.

తాగకుండానే వచ్చే జబ్బు బ్రూసెల్లా. గొడ్లచావిడిలో ఏం జరుగుతుందో చూస్తే గానీ అర్థం కాదు. గేదె చూడి పది నెలలు. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఒక రాత్రి అది ఈసుకుపోతుంది. చచ్చిన దూడ పడుతుంది, మాయ పడదు. పశువైద్యుడు వచ్చేలోగా ఇంటి పెద్దామె, లేదంటే అలవాటున్న పొరుగాయన మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి మాయ లాగుతారు. చేతికి తొడుగు ఉండదు, గోళ్ల దగ్గర కోతలుంటాయి. దూడనీ మాయనీ కుప్పలో పడేస్తారు, కుక్కలు ఈడ్చుకుపోతాయి. చావిడి చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లి, తెల్లవారి అదే చేతులతో మిగతా గేదెలను పితుకుతారు. ఒక్క మాయలో కోటానుకోట్ల క్రిములుంటాయి. చర్మం మీది గాట్లలోంచి, కంట్లో పడ్డ తుంపరలోంచి, పీల్చే గాలిలోంచి కూడా అవి ఒంట్లోకి పోతాయి. గేదె మాత్రం వారంలో తేరుకుంటుంది. వచ్చే ఈత మామూలుగానే ఈనొచ్చు, పాలూ ఇస్తుంది. ఆ పాలలో క్రిమి ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది.

ఆ మనిషికి రెండు మూడు వారాల తర్వాత జ్వరం మొదలవుతుంది. పొద్దున బాగానే ఉంటారు, సాయంత్రానికి ఒళ్లు కాలిపోతుంది, రాత్రి పక్క తడిసేంత చెమట. నడుము, కీళ్లు పట్టేస్తాయి. మగవాళ్లకు వృషణాల వాపు, చూలింతలకు గర్భస్రావం రావచ్చు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర వైడల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అంటారు, అయిదు రోజులు సెలైన్ ఎక్కిస్తారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. నడుంనొప్పి కోసం ఎముకల డాక్టరు, చెమటలు చూసి క్షయ అనుమానం, ఇలా నెలలు గడుస్తాయి, అప్పు పెరుగుతుంది. పేరు తెలిస్తే వైద్యం కష్టం కాదు. డాక్సీసైక్లిన్‌తో మరో మందు కలిపి ఆరు వారాలు వాడాలి, మధ్యలో మానకూడదు. మన జిల్లాల్లో వారం దాటిన ప్రతి జ్వరానికీ డాక్టర్లు ఒక ప్రశ్న అడిగితే చాలు: ఇంట్లో పాడి ఉందా, ఈ మధ్య గేదె ఈసుకుపోయిందా? గుంటూరు సర్వజనాసుపత్రికి వచ్చే పల్నాటి రోగి విషయంలో సగం జవాబు ఆ ప్రశ్నలోనే దొరుకుతుంది.

ఈ జబ్బును ఆపే టీకా ఉంది. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి ఎస్19 టీకా వేస్తే చాలు. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకానికి కేంద్రం గాలికుంటు, బ్రూసెల్లా రెండిటికీ కలిపి అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు ప్రకటించింది. చిక్కు ఎక్కడంటే, ఊళ్లో టీకా శిబిరం పెట్టిన రోజుకు కొన్ని దూడలు నాలుగు నెలలు నిండనివి, కొన్ని ఎనిమిది దాటినవి ఉంటాయి. దాటిపోయిన దూడకు మళ్లీ వేయరు. టీకా వేస్తే దూడ నీరసిస్తుందని దాచేసేవాళ్లున్నారు. ఎస్19 బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి సూది పొరపాటున గుచ్చుకుంటే వేసేవాడికే జబ్బు వస్తుంది. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా పశుసంవర్ధక సహాయకులను చావిళ్లలోకి పంపడం అన్యాయం. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటు రాష్ట్రంలో 2022 నుంచి ఉంది. ఈసుకుపోయిన గేదె విషయంలో ఆ నంబరు వాడుకోవాలని ప్రతి పాల కేంద్రం గోడ మీదా రాయాలి. మాయను లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చాలని కూడా.

ఇప్పుడు మంటకు లొంగనివి. పొదుగువాపు వచ్చిన గేదె పాలలో స్టెఫిలోకాకస్ క్రిమి పెరిగి, పాలు వెచ్చగా నిలవున్న గంటల్లో విషం వదులుతుంది. తర్వాత కాచితే క్రిమి చస్తుంది, విషం చావదు. 2000లో జపాన్‌లో స్నో బ్రాండ్ కంపెనీ పాలు తాగి 13,000 మందికి పైగా వాంతులు, విరేచనాలతో పడిపోయారు. ఒక ఫ్యాక్టరీలో మూడు గంటలు కరెంటు పోయి, ఆ వెచ్చదనంలో పుట్టిన విషం పాలపొడిలోకి చేరింది. పాశ్చరైజేషన్ దాన్ని ఆపలేకపోయింది. జపాన్‌లో మూడు గంటల కరెంటు కోత చేసిన పని, మన పల్లెలో కూలింగ్ సెంటర్ జనరేటర్ పాడైన రోజున ఎంత చేస్తుందో ఊహించుకోవచ్చు. పొదుగువాపుకు వాడిన యాంటీబయాటిక్ కూడా కాగినంత మాత్రాన పోదు, సూది వేసిన గేదె పాలు మందును బట్టి కొన్ని రోజులు పోయకూడదు. ఆ రోజుల పాలకు డబ్బు ఎవరిస్తారన్నది తేలక రైతు పోస్తూనే ఉంటాడు.

అన్నిటికన్నా లోతైనది బూజు విషం, అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో బ్రెజిల్ వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే ఈ విషం ప్రపంచానికి తెలిసింది. అది ఆంధ్రకు ఎంతో దూరంలో లేదు. 1965లోనే భారత పశువైద్య పత్రికలో ఆంధ్రప్రదేశ్ ముర్రా గేదెలకు వేరుశనగ చెక్క విషమైన వైనం మీద ఒక నివేదిక అచ్చయింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన గూడేల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయినప్పుడు, కారణం తేల్చింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. గేదె తిన్న మేతలోని బి1 అనే విషం దాని కాలేయంలో ఎం1గా మారి, ఒక రోజులోపే పాలలోకి వస్తుంది. ఎం1 కూడా మనిషికి క్యాన్సర్ కలిగించేదేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కాచినా, తోడేసినా, కోవా చేసినా అది ఉంటుంది.

దీనికి మన పత్తికి ఉన్న లంకె ఇది. తుపాను వానలో తడిసిన పత్తి, కల్లంలో ముద్దగా పడి ఉన్న పత్తి చవగ్గా జిన్నింగుకు పోతుంది. దూది వేరై గింజ నూనెమిల్లుకు, నూనె పోను చెక్క బస్తాల్లో పాడిరైతుకు. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టూ ఈ గొలుసు అంతా పది ఇరవై మైళ్లలోనే ఉంది. రైతు బస్తాను చావిడి మూల మట్టినేల మీద పెడతాడు. అడుగున చెమ్మెక్కి, గడ్డ కట్టి, పచ్చగా బూజు పడుతుంది. మనుషులు తినేది కాదు, పశువుకే కదా అని గడ్డ చిదిపి కుడితిలో కలుపుతారు. బూజు కనిపించిన ముక్క తీసేసినా విషం పోయినట్టు కాదు, దానికి రంగూ రుచీ లేవు. లెక్క కోసం, కిలోకు 100 మైక్రోగ్రాముల బి1 ఉన్న చెక్క రోజుకు రెండు కిలోలు పెట్టామనుకుందాం. అందులో నూటికి రెండు వంతులు పాలలోకి వచ్చినా 4 మైక్రోగ్రాములు. ఆ గేదె ఎనిమిది లీటర్లు ఇస్తే లీటరుకు 0.5. మన దేశంలో అనుమతించిన హద్దు సరిగ్గా అంతే. ఐరోపా హద్దు అందులో పదో వంతు.

ఆహార భద్రత సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించి, 2019 అక్టోబరులో ఫలితాలు బయటపెట్టింది. మనం ఎప్పుడూ భయపడే యూరియా, డిటర్జెంటు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి కల్తీలు దొరికింది 12 నమూనాల్లో. పురుగుమందు హద్దు దాటింది ఒకే ఒక్క నమూనాలో. ఎం1 హద్దు దాటింది 368 నమూనాల్లో, వాటిలో 227 ప్యాకెట్ పాలే. తమిళనాడు, ఢిల్లీ, కేరళ ముందున్నాయి. ఆంధ్రా ఆ మూడింటిలో లేదని తేలిగ్గా తీసుకోలేను. సర్వే యాభై వేల జనాభా దాటిన పట్నాలలో జరిగింది, పత్తిచెక్క బస్తా పక్కనే పితుక్కుని తాగే పల్లెలు అందులో లేవు.

పురుగుమందు భయం ఊరికే పుట్టలేదు. 1993లో భారత వైద్య పరిశోధన మండలి 12 రాష్ట్రాల నుంచి 2,205 పాల నమూనాలు చూస్తే నూటికి 82లో డీడీటీ ఉంది. అది కొవ్వులో దాక్కుని ఏళ్ల తరబడి ఉండే రకం మందు. ఇప్పుడు మిరపచేలల్లో కొట్టే మందుల్లో చాలావాటికి అంత నిలవ లేదు. అయినా మందు కొట్టిన చేను గట్టు మీద గడ్డి కోసుకొచ్చి గేదెకు వేయడం, స్ప్రేయర్ కడిగిన కుంటలో గేదెలను దించడం మానాలి. నల్లతామర పురుగు వచ్చి 2021-22లో మిరప రైతును ముంచినప్పటి నుంచి మందుల వరస ఇంకా పెరిగింది.

మిరప విషయంలో అఫ్లాటాక్సిన్ అంటే ఏమిటో గుంటూరు వ్యాపారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐరోపాకు పంపిన సరుకు ఆ విషం వల్లే వెనక్కి వచ్చిన అనుభవం ఉంది. స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఈ ఊళ్లోనే ఉంది, ఎగుమతి సరుకును పరీక్షించి పంపుతారు. అదే ఊళ్లో నూనెమిల్లు నుంచి వెళ్లే పత్తిచెక్క బస్తాను మాత్రం రైతు ముక్క చేత్తో విరిచి, వాసన చూసి కొనుక్కోవాలి. విదేశీయుడి కూరలో పడే కారానికి ఉన్న జాగ్రత్త మన బిడ్డ తాగే పాలకు ఉండాలని అడగడం అత్యాశ కాదు. చెక్కను పలకల మీద, గోడకు దూరంగా పెట్టడం, వానాకాలంలో నెలకు సరిపడా కాకుండా వారానికి సరిపడా కొనడం రైతు చేయగలడు. మిల్లు గుమ్మంలో పరీక్ష ప్రభుత్వం చేయాలి, పాల ట్యాంకరులో పరీక్ష డైరీ చేయాలి. మేత మార్చిన మూడు నాలుగు రోజుల్లో ఎం1 పాలలోంచి దాదాపు పోతుంది కాబట్టి, ఎక్కడ తప్పు జరిగిందో తెలిస్తే సరిదిద్దడానికి వారం చాలు.

అడ్డం వచ్చేది ధర. పాల కేంద్రంలో రైతుకు ఇచ్చే చీటీ మీద లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఉంటాయి, డబ్బు వాటిని బట్టే వస్తుంది. పత్తిచెక్క పెడితే వెన్న శాతం పెరుగుతుందని ప్రతి పాడిరైతూ నమ్ముతాడు, అందుకే బూజుదైనా పారేయడానికి మనసు రాదు. మంచి చెక్క కొని ఎక్కువ ఖర్చు పెట్టినవాడికి ఆ చీటీ ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వదు. బ్రూసెల్లా లేని మందకు, ఎం1 లేని పాలకు లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ కట్టి, ఆ వివరం చీటీ మీదే వేసే డైరీ ముందుగా ఈ జిల్లాల్లో రావాలి. పత్తి ఇక్కడే పండుతోంది, చెక్క ఇక్కడే ఆడుతోంది, గేదె తినేదీ ఇక్కడే.